ఆ సున్నాలో మా వీధి కుర్రాడి చెయ్యి ఉంది

స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ చైర్మన్ గారికి,
స్టాక్ మార్కెట్లో లిస్టయిన కంపెనీల బోర్డుల్లో, యాజమాన్యంతో సంబంధం లేకుండా కూర్చునే ఇండిపెండెంట్ డైరెక్టర్లకు,
మా బోటివాళ్ల డబ్బు తీసుకెళ్లి కంపెనీల్లో పెట్టే మ్యూచువల్ ఫండ్ల, బీమా సంస్థల మేనేజర్లకు,

నమస్కారం.

నేను రిటైరైన బ్యాంకు ఉద్యోగిని. సంగారెడ్డి జిల్లాలో పటాన్‌చెరును ఆనుకుని ఉన్న ఒక కాలనీలో పాతికేళ్లుగా కాపురం. మందులకు ముడిసరుకు తయారుచేసే ఒక లిస్టెడ్ కంపెనీలో నాకు 40 షేర్లున్నాయి. దాని ఫ్యాక్టరీల్లో ఒకటి మా ఇంటికి మూడు కిలోమీటర్ల లోపే ఉంది. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే చర్చంతా ఆ ఒక్క కంపెనీ మంచిదా చెడ్డదా అన్నదాని చుట్టూ తిరుగుతుంది. నేను అడగదలచుకున్నది మిమ్మల్ని, కంపెనీల నడతకు వేసే ఈఎస్‌జీ మార్కుల్లో మీరు వాడుతున్న కొలతల గురించి.

ఇది నా మొదటి ప్రయత్నం కాదు. కంపెనీకి మూడు ఉత్తరాలు రాశాను. రెండింటికి ఒకే జవాబు, కామా కూడా మారకుండా వచ్చింది: ధన్యవాదాలు, సంబంధిత విభాగానికి పంపాం అని. మూడోదానికి అదీ లేదు. ఒక తనిఖీ కార్యాలయంలో అర్జీ ఇస్తే స్టాంపు వేసిన కాపీ చేతిలో పెట్టారు. అది నా ఫైల్లో భద్రంగా ఉంది. వార్షిక సమావేశంలోనూ అడిగాను. ఏడు నెలలు గడిచాయి. ఇక నలుగురికీ కనపడేలా రాయక తప్పలేదు.

ముందు జరిగింది చెప్తాను.

మా వీధి చివర రేకుల గదిలో నలుగురు కుర్రాళ్లు అద్దెకుండేవాళ్లు. శ్రీకాకుళం వైపు వాళ్లు. వాళ్లలో ఒకడు ఆ ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద పనిచేసేవాడు. ఒక రాత్రి షిఫ్టులో పైపు ఊడి వేడి సాల్వెంట్ మీద పడి కుడి చెయ్యి మణికట్టు దాకా కాలింది. కాంట్రాక్టరు మనిషి బైకు మీద వెనక కూర్చోబెట్టుకుని ఒక ప్రైవేటు క్లినిక్కుకు తీసుకెళ్లాడు. కార్మికుల ప్రభుత్వ బీమా పథకమైన ఈఎస్‌ఐ ఆస్పత్రికి తీసుకెళ్లలేదు.

మర్నాడు పొద్దున్నే ఆ చేతికి కట్టుతో బస్సు స్టాపు వైపు నడుస్తున్నాడు. ఎక్కడికిరా అంటే "డ్యూటీకి సార్" అన్నాడు. ఈ చేత్తోనా అంటే, "పనేం లేదు సార్. సెక్యూరిటీ రూంలో కూర్చోమన్నారు. పంచ్ పడితే చాలంట" అన్నాడు. పంచ్ అంటే గేటు దగ్గర హాజరు మిషను.

పదకొండు రోజులు అలాగే వెళ్లాడు. ఎడమచేతి వేలితో పంచ్ కొట్టి, గేటు పక్క గదిలో ఫ్యాను కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, మధ్యాహ్నం ఎడమచేత్తో స్పూను పట్టుకుని అన్నం తిని, సాయంత్రం వచ్చేవాడు. జీతం కోయలేదు. మంచివాళ్లే అని వాడూ అనుకున్నాడు, నేనూ అనుకున్నాను.

ఆ సంవత్సరం యాన్యువల్ రిపోర్టు వచ్చాక తెలిసింది ఆ కుర్చీ ఎందుకు వేశారో. పని దినం పోయిన గాయాల రేటు: ఉద్యోగులకు 0, కార్మికులకు 0. బ్యాంకులో ముప్పై రెండేళ్లు లెడ్జర్లు టాలీ చేసినవాణ్ణి. పెద్ద లెక్కలో గుండ్రటి సున్నా కనపడితే నాకు సంతోషం కలగదు, అనుమానం కలుగుతుంది.

ఈఎస్‌జీ అన్న మాట కొత్తగా వింటున్నవాళ్ల కోసం ఒక ముక్క. కంపెనీ గాలినీ నీటినీ ఎలా చూస్తోంది, పనివాళ్లనూ చుట్టుపక్కల జనాన్నీ ఎలా చూస్తోంది, తన ఇంటిని తాను ఎంత నిజాయితీగా నడుపుకుంటోంది అన్న మూడు విషయాలకు కలిపి వేసే మార్కులివి. మన దేశంలో మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదికలో ఈ వివరాలు తప్పనిసరిగా ఇవ్వాలి. 2012లో 100 కంపెనీలతో మొదలైన పనిని సెబీ ఇంత దూరం తెచ్చింది. మంచి పనే. ఆ నివేదిక లేకపోతే నాకు ఆ సున్నా కూడా కనపడేది కాదు.

మరి ఒక కంపెనీ మార్కులు దేన్నిబట్టి పెరుగుతున్నాయి, దేన్నిబట్టి తగ్గుతున్నాయి? గేటు ఇవతల నుంచి చూస్తే నాకు కనపడింది ఇది.

1. లెక్కపెడుతున్నది పోయిన రోజును. గాయం ఆ లెక్కలోకి రావడం లేదు.

పది లక్షల పనిగంటలకు, పని దినం పోగొట్టిన గాయాలు ఎన్ని అన్నది ఆ రేటు. కాంట్రాక్టు మనుషుల్నీ కలపాలని బీఆర్‌ఎస్‌ఆర్ ఫారంలోనే ఉంది, అంతవరకు సంతోషం. కానీ చెయ్యి కాలినవాణ్ణి తెచ్చి కుర్చీలో కూర్చోబెడితే రోజు పోనట్టే. మొత్తం గాయాలెన్ని అని అడిగే వరుస కూడా కిందనే ఉంది. క్లినిక్కు బిల్లు కాంట్రాక్టరు జేబులోంచి వెళ్లిపోయాక అక్కడ మాత్రం ఏం పడుతుంది?

ప్లాంటు మేనేజరుకు బోనసు, కాంట్రాక్టరుకు రెన్యువలు, గేటు మీద "ప్రమాదం లేని రోజులు" అన్న బోర్డు, ఇవన్నీ ఆ ఒక్క అంకె మీద ఆధారపడితే దాన్ని తగ్గించడానికి రెండు దారులుంటాయి. ఒకటి పైపు సరిగ్గా బిగించడం. రెండోది కుర్చీ వేయడం. కుర్చీ చవక.

దీనివల్ల నష్టపోయేది ఎవరో చూడండి. పనిలో దెబ్బ తగిలిందని రికార్డయితే, కోలుకునేదాకా ఈఎస్‌ఐ నుంచి వేతనంలో 90 శాతం వస్తుంది. అంగవైకల్యం మిగిలితే మెడికల్ బోర్డు తేల్చిన మేరకు నెలనెలా డబ్బు వస్తుంది. రికార్డు కాకపోతే ఏదీ రాదు. మా కుర్రాడికి రెండు వేళ్లు ఇప్పటికీ పూర్తిగా మడవవు. మూడు నెలల తర్వాత కాంట్రాక్టు మారింది, కొత్త లిస్టులో వాడి పేరు లేదు. ఊరికెళ్లి పలాసలో జీడిపప్పు పనికి ప్రయత్నించాడు. పప్పు మీద పొట్టు తీయాలంటే వేళ్లు మడవాలి కదా.

2. సగటులో ఊరు మాయమవుతోంది.

ఆ కంపెనీకి నాలుగు రాష్ట్రాల్లో ఫ్యాక్టరీలున్నాయి. నివేదికలో మాత్రం మొత్తం కంపెనీకి కలిపి ఒకే అంకె. ఇన్ని కిలోలీటర్ల నీళ్లు, ఇన్ని టన్నుల ప్రమాదకర వ్యర్థాలు అని. అందులో మా ఊరి వాటా ఎంతో దేవుడికే తెలియాలి. ఒక ప్లాంటు బాగుపడి ఇంకో ప్లాంటు పాడైతే సగటు కదలదు, మార్కులూ కదలవు. నీటికి కటకటగా ఉన్న ప్రాంతాల్లో ప్లాంటువారీగా చెప్పాలన్న ప్రశ్న ఒకటి ఫారంలో ఉంది గానీ, అది ఇష్టమైతే నింపే భాగంలో ఉంది.

మా పక్కన పారే నక్కవాగు ఒడ్డున ఉండేవాళ్లకు కంపెనీ సగటుతో ఏం పని? వాగు మాకు సగటున పారదు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసినప్పుడు 70 దాటినవాటిని అతి తీవ్ర కాలుష్య ప్రాంతాలుగా లెక్కగట్టింది. పటాన్‌చెరు-బొల్లారం, విశాఖపట్నం రెండూ 70 దాటాయి. అది ప్రాంతానికి వేసిన మార్కు కాబట్టి మాకు అర్థమైంది. కంపెనీకి వేసే మార్కు మా ప్రాంతం పేరే ఎత్తదు.

3. కంపెనీ మారేది అడిగేవాళ్లను బట్టి.

ఈ లేఖలో నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే, కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

మన కళ్లముందు జరిగిన కథ హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం. 2008 సెప్టెంబరులో మంచి కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు అందుకున్న కంపెనీ అది. అదే ఏడాది డిసెంబరు 16న, ప్రమోటరు (కంపెనీ పెట్టి నడిపే యజమాని) కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను దాదాపు 160 కోట్ల డాలర్లకు కొనడానికి బోర్డు ఒప్పుకుంది. ఆ బోర్డులో ఇండిపెండెంట్ డైరెక్టర్లున్నారు, పేరున్న ప్రొఫెసర్లున్నారు. ఎవరూ ఆపలేదు. ఆపింది ఇన్వెస్టర్లు. కొన్ని గంటల్లోనే అమెరికా మార్కెట్లో షేరు సగానికి పైగా కూలింది, రాత్రికి రాత్రే కంపెనీ వెనక్కి తగ్గింది. మూడు వారాలకు, 2009 జనవరి 7న, చైర్మన్ రామలింగరాజు తానే రాసిన ఉత్తరంతో 7,000 కోట్ల రూపాయలకు పైబడిన మోసం బయటపడింది. అవార్డు కమిటీ, ఆడిటరు, బోర్డు చూడలేనిదాన్ని డబ్బు పెట్టినవాళ్ల కోపం కొన్ని గంటల్లో కదిలించింది.

రెండో కథ మా పటాన్‌చెరుదే. 2007లో స్వీడన్ పరిశోధకులు ఇక్కడి ఫ్యాక్టరీల మురుగునీటి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొస్తున్న నీళ్లను పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు ఉంది. అంటే రోజుకు దాదాపు 45 కిలోల మందు నీళ్లలో పోతోందని లెక్క తేల్చారు. 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో మింగే మందు అది. ఇక్కడి రైతులు, ఇక్కడి డాక్టర్లు అంతకుముందు ఎన్నో ఏళ్లుగా వాగు సంగతి చెబుతూనే ఉన్నారు. 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. అయినా ఆ అధ్యయనం తర్వాతే, యూరప్‌లో మందులు కొనేవాళ్లు "మీ వ్యర్థజలాలు ఎక్కడికి పోతున్నాయి" అని అడగడం మొదలుపెట్టాకే, పెద్ద కంపెనీలు దీన్ని వ్యాపార విషయంగా చూశాయి. మా వాగు గురించి మేం చెబితే ఫిర్యాదు. కొనేవాడు అడిగితే కండిషన్.

దీన్నుంచి నాకు అర్థమైంది ఒక్కటే. కంపెనీ పెద్దల మంచితనం, వెబ్‌సైటులో పాలసీ పేజీలు వీటికన్నా, ఎవరు ఏమడుగుతున్నారన్నదే దాని నడతను ఎక్కువగా మారుస్తుంది. మన కంపెనీల్లో చాలావాటికి ప్రమోటరు చేతిలోనే పెద్ద వాటా ఉంటుంది, చట్టం 75 శాతం దాకా ఒప్పుకుంటుంది. మిగతాదాంట్లో గట్టిగా అడగగలిగింది ఫండ్లు, బీమా సంస్థలే. అంటే మీరే.

నేనూ అడిగి చూశాను. వార్షిక సమావేశం వీడియోలో జరిగింది. మాట్లాడేవాళ్లు ముందే పేరు నమోదు చేసుకోవాలి. నాకు ముందు మాట్లాడిన ఐదుగురిలో నలుగురు చైర్మన్ గారి దూరదృష్టిని పొగిడారు, ఒకాయన బోనస్ షేర్లు ఎప్పుడిస్తారని అడిగి, పండక్కి స్వీటు బాక్సు పంపలేదని నిష్ఠూరపడ్డారు. నా వంతు వచ్చాక పట్టిక నంబరు చెప్పి, ఈ సున్నాలో కాంట్రాక్టు మనుషులు ఉన్నారా, పని చేయించకుండా గేటు దగ్గర కూర్చోబెట్టినవాళ్ల రోజులు ఎందులో రాశారు అని అడిగాను. "మా టీం మిమ్మల్ని సంప్రదిస్తుంది" అన్నారు. ఆ టీం కోసం ఇప్పటికీ చూస్తున్నాను. ఆ కాల్‌లో ఫండ్ల తరఫున ఒక్కరూ నోరు విప్పలేదు. మీరు కంపెనీతో విడిగా మాట్లాడుతారని విన్నాను. ఆ మాటల్లో మా కుర్రాడి కుర్చీ ఎప్పుడైనా వచ్చిందా?

ఇంకో సంగతి. పీఎఫ్ సంస్థ 2015 నుంచి కొత్తగా వచ్చే సొమ్ములో కొంత ఈటీఎఫ్‌ల (చాలా కంపెనీల షేర్లను కలిపి కొనే ఫండ్ల) ద్వారా షేర్లలో పెడుతోంది. కాంట్రాక్టరు సరిగ్గా పీఎఫ్ కడుతున్నాడనుకుంటే, ఆ రేకుల గదిలో కుర్రాళ్లు కూడా దేశంలోని పెద్ద కంపెనీల్లో ఇంతో అంతో పెట్టుబడిదారులే. వాళ్లను ఎవరూ ఏ సమావేశానికీ పిలవలేదు.

4. గీత ఎక్కడ గీస్తే అక్కడిదాకే బాధ్యత.

2020 మే 7న విశాఖ ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ గ్యాస్ వచ్చి 12 మంది చనిపోయారు. ఉత్పత్తి పెంచడానికి తగిన పర్యావరణ అనుమతి తన దగ్గర లేదని ఆ కంపెనీయే 2019లో అఫిడవిట్‌లో రాసుకుంది. అది మన మార్కెట్లో లిస్టయిన కంపెనీ కాదు, దాని తల్లి కంపెనీ కొరియాలో ఉంది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఎసెన్షియా ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 17 మంది పోయారు. అదీ లిస్టెడ్ కాదు. బీఆర్‌ఎస్‌ఆర్ వీటి గడప తొక్కదు.

లిస్టయితే సరిపోతుందా అంటే అదీ లేదు. 2025 జూన్ 30న మా పాశమైలారంలో పేలిన సిగాచీ లిస్టెడ్ కంపెనీయే. (నేను షేర్లు కొన్న కంపెనీ వేరు, ఇది వేరు.) 50 మందికి పైగా చనిపోయారు. చాలామంది వేరే రాష్ట్రాల నుంచి పొట్టకూటికి వచ్చినవాళ్లు. శవాలను గుర్తుపట్టడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది, కొందరి ఆనవాలే దొరకలేదు. గేటు బయట ఫొటోలు పట్టుకుని రోజుల తరబడి నిలబడ్డ కుటుంబాలను మా ఊరు చూసింది.

పెద్ద కంపెనీలకు సరుకు చేసిపెట్టే చిన్న యూనిట్ల సంగతి ఇంకా ఘోరం. ప్రమాదకరమైన రసాయన పనులన్నీ చిన్న యూనిట్లకు ఇచ్చేసి, తమ నివేదికను శుభ్రంగా ఉంచుకోవడం ఏ పెద్ద కంపెనీకైనా సులువు. సప్లయర్ల వివరాలు కూడా చెప్పాలని సెబీ 2023లో చెప్పింది. మేం ఆశపడ్డాం. మొదట 2024-25 నుంచి అన్నారు, తర్వాత ఏడాది వాయిదా వేశారు, ఆపైన ఇష్టమైతే ఇవ్వొచ్చు అన్నారు. వ్యాపారం సులభం చేయడానికి అన్నారు. ఎవరికి సులభం?

సెబీ ఒక్కటే కాదు లెండి. మందుల ఫ్యాక్టరీల నీళ్లలో యాంటీబయాటిక్ ఎంత దాకా ఉండొచ్చో 2020 జనవరిలో కేంద్రం ముసాయిదాలో అంకెలతో సహా పెట్టింది. 2021 ఆగస్టులో తుది నిబంధనలు వచ్చేసరికి ఆ అంకెలు లేవు. చట్టం అడగనిదాన్ని కంపెనీ తనంతట తాను చెప్పదు, చెప్పాలని ఆశించడమూ అమాయకత్వమే.

5. మార్కులు వేసేవాళ్లకే ఒక మాట లేదు.

ఆరు పెద్ద రేటింగ్ సంస్థలు ఒకే కంపెనీలకు వేసిన ఈఎస్‌జీ మార్కులను ఎంఐటీ పరిశోధకులు పోల్చి చూశారు. పూర్తిగా కలిస్తే 1, సంబంధమే లేకపోతే 0 అనుకుంటే, సగటున 0.54 మాత్రమే కలిశాయి. అప్పు తీర్చే సత్తాకు వేసే రేటింగుల్లో ఇలా ఉండదు. పైగా చాలా రేటింగులు చూసేది బయటి సంగతులు కంపెనీ లాభానికి ఏం ముప్పు తెస్తాయన్నది. కంపెనీ వల్ల బయటివాళ్లకు వచ్చే ముప్పు వేరే లెక్క. ఇన్వెస్టరుకు మొదటిది కావాలేమో, మాకు రెండోది కావాలి. రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తున్నారు.

పెద్ద కంపెనీలకు మంచి మార్కులు రావడంలో కూడా పెద్ద ఆశ్చర్యం లేదు. నివేదిక రాయడానికే ఒక విభాగం ఉంటుంది, కన్సల్టెంట్లుంటారు. రాయగలిగినవాడికి మార్కులు పడతాయి. పరీక్ష పేపరు దిద్దినవాళ్లందరికీ ఇది తెలుసు.

6. కంపెనీలు లాభంలోంచి సమాజ సేవకు పెట్టే సీఎస్‌ఆర్ డబ్బు వేరు, ఇది వేరు. బడికి రంగులు వేసిన డబ్బు వాగు బాకీకి జమ కాదు. దీని మీద ఇంతకన్నా రాయను.

ఇక మా డిమాండ్లు. సాధ్యం కానివి అడగడం లేదు.

సెబీని:

1. ప్రతి తయారీ ప్లాంటుకు విడిగా రెండు పేజీలు ఇప్పించండి. నీళ్లు ఎంత తీశారు, ఎంత వదిలారు, వ్యర్థాలు ఎక్కడికి పంపారు, కాంట్రాక్టు వాళ్లతో కలిపి ఎంతమంది పనిచేస్తున్నారు, గాయాలెన్ని, మరణాలెన్ని, వచ్చిన నోటీసులెన్ని. ప్లాంటు ఉన్న రాష్ట్ర భాషలో. మూడు వందల పేజీల ఇంగ్లీషు పీడీఎఫ్ మా వీధిలో ఎవరూ చదవరు, చదివిన నాకే నాలుగు రోజులు పట్టింది.

2. గాయం తర్వాత అసలు పని నుంచి తప్పించి తేలిక పనిలో పెట్టిన రోజులను, ఊరికే కూర్చోబెట్టిన రోజులను విడి వరుసలో రాయించండి. ఒక్క వరుస చాలు, సగం సున్నాలు మాయమవుతాయి. అంకెలను బయటివాళ్లు సరిచూసే నియమం 2026-27కి 1000 కంపెనీలకూ వస్తోంది. ఆ సరిచూసేవాళ్లు కంపెనీ రిజిస్టరుతో ఆగకుండా ఈఎస్‌ఐ ప్రమాద రికార్డు, చుట్టుపక్కల క్లినిక్కుల బిల్లులు, గేటు పంచ్ డేటా పక్కపక్కన పెట్టి చూడాలి. బ్యాంకులో మేం క్యాష్ ఎలా టాలీ చేసేవాళ్లమో అలా.

3. సప్లయర్ల వివరాలను తప్పనిసరి చేయండి. కనీసం రసాయనాలు, మందుల రంగంతో మొదలుపెట్టండి.

ఇండిపెండెంట్ డైరెక్టర్లను:

4. కంపెనీల చట్టం 166వ సెక్షన్ మీకు పనివాళ్ల పట్ల, సమాజం పట్ల, పర్యావరణ రక్షణ పట్ల బాధ్యత ఉందని చెప్తోంది. అది ప్రమోటరు చేసే ఉపకారం కాదు. ఏడాదికి ఒకసారి, ముందే చెప్పకుండా, ఒక ప్లాంటుకు రాత్రి షిఫ్టులో రండి. మేనేజరు తిప్పి చూపించే దారిలో కాకుండా గేటు పక్క గదిలో ఒక గంట కూర్చోండి. ఎవరెవరు ఎందుకు కూర్చున్నారో అడగండి.

5. గేటు దగ్గర ఇంకోటి చూడండి. ప్రమాదకర పరిశ్రమలు తమ రసాయనాల వివరాలు, బయటికి వదిలే గాలి, నీటి వివరాలు గేటు బయట బోర్డు మీద పెట్టాలని సుప్రీంకోర్టు 2003లోనే ఆదేశించింది. నేను చెప్తున్న ఫ్యాక్టరీకీ ఆ బోర్డుంది. ఎండకు అక్షరాలు వెలిశాయి, తేదీ ఏడాది కిందటిది, దాని ముందే లారీలు ఆపుతారు. బోర్డు మీటింగుకు వెళ్లేముందు ఈ బోర్డు చదవండి.

6. మేనేజర్ల బోనసుకు సున్నా ప్రమాదాలను కొలతగా పెట్టకండి. తృటిలో తప్పిన ప్రమాదాలను ఎన్ని రాసి చూపించారు, వాటిలో ఎన్నిటిని సరిచేశారు అన్నది పెట్టండి. రాసినవాణ్ణి శిక్షిస్తే ఎవడూ రాయడు.

ఫండ్, బీమా మేనేజర్లను:

7. 2022 ఏప్రిల్ నుంచి మ్యూచువల్ ఫండ్లు ప్రతి తీర్మానం మీదా ఓటు వేయాలి, కారణం చెప్పాలి. నేను కొన్ని కారణాలు చదివాను. "ఆందోళన కలిగించే అంశమేమీ లేదు" అన్న వాక్యం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం మానేశాను. ప్రమాదం జరిగిన, నోటీసు వచ్చిన కంపెనీల్లో డైరెక్టరు మళ్లీ ఎన్నికకు వచ్చినప్పుడు, మీరు ఏమడిగారో, వాళ్లు ఏం చెప్పారో కూడా అందులో రాయండి. నా మనవరాలి పేరు మీద మ్యూచువల్ ఫండ్‌లో నెలకు 2,000 రూపాయల సిప్ కడుతున్నాను. ఆ డబ్బు తరఫున అడుగుతున్నాను.

8. కంపెనీని కలిసినప్పుడు కాంట్రాక్టు కార్మికుల్లో ఇద్దరితో, ప్లాంటు పక్క ఊరి పంచాయతీ వాళ్లతో ఇద్దరితో మాట్లాడండి. అరరోజు పని. ఫ్యాక్టరీలో ఏం జరుగుతోందో వాళ్లకు మీ అనలిస్టు కన్నా ముందే తెలుస్తుంది. వాసన వాళ్లకే ముందు వస్తుంది.

ఈ లేఖ కాపీలు మీ కార్యాలయాలకు స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. మొదట రాసిన మూడు ఉత్తరాల కాపీలు, స్టాంపు పడిన అర్జీ, క్లినిక్కు చీటీ ఫొటో (కుర్రాడు ఒప్పుకున్నాకే, పేరు చెరిపేసి) జత చేస్తున్నాను. రిపోర్టులో ఆ పట్టిక ఉన్న పేజీకి పసుపు చీటీ అంటించాను. 60 రోజులు చూస్తాను. వచ్చే వార్షిక సమావేశానికి మాట్లాడేవాళ్ల జాబితాలో పేరు నమోదు చేసుకోవడం ఎలాగో ఇప్పుడు నాకు తెలుసు, మా కాలనీలో షేర్లున్న ఇంకో పదకొండు మందికి నేర్పాను కూడా.

ఇట్లు,
40 షేర్ల వాటాదారు,
పటాన్‌చెరు దగ్గర, సంగారెడ్డి జిల్లా